అంతా క్లియర్ సార్!

ఇల్లు కొనాలని బయల్దేరినవాళ్లకి మొట్టమొదట వినిపించే మాట ఇదే. ఫ్లాటయినా, ప్లాటయినా, పాత ఇల్లయినా బ్రోకర్ నోట ముందుగా వచ్చేది ‘అంతా క్లియర్’. ఆ మాట చెవిన పడగానే ప్రాణం ఎంత హాయిగా ఉంటుందంటే, ‘క్లియర్ అంటే ఏంటండీ?’ అని అడగడమే మర్చిపోతాం. నిజానికి అడగడం నా ఉద్యోగం. పదేళ్లకుపైగా మనుషుల్ని ప్రశ్నలడిగి జీతం తీసుకుంటున్నా. అయినా ఆరోజు నేనూ అడగలేదు. అందుకు మా ఇంటిల్లిపాదీ కట్టిన ఫీజు అక్షరాలా లక్ష రూపాయలు.

ఇల్లు కొనేముందు ఏయే కాగితాలు చూడాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. కానీ ఆ కాగితాల దాకా మనల్ని తీసుకెళ్లేదీ, వెళ్లనివ్వకుండా దారి మళ్లించేదీ మధ్యలో ఉన్న మనిషి. ఆ మనిషి మాటతీరు చూసి అతన్ని ఎలా అంచనా వేయాలన్నది ఎవరూ చెప్పరు. ఈవారం ఆ కబుర్లే.

మా నాన్న 32 ఏళ్లు కృష్ణా జిల్లాలో హైస్కూలు పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యారు. అన్నయ్య బెంగళూరులో, నేను హైదరాబాద్‌లో. అమ్మకి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఊళ్లో ఇద్దరే ఉండటం కష్టమైంది. 2022లో అక్కడి ఇల్లు అమ్మేసి, నాగోల్‌లో మా ఇంటికి దగ్గర్లో ఓ చిన్న ఫ్లాటు కొనుక్కుందామనుకున్నారు. గ్రాట్యుటీ, ఇల్లు అమ్మిన డబ్బు అన్నీ కలిపినా కాస్త తగ్గింది. ఆ మిగతాది నా పేరుమీద లోను తీసుకోవాలన్నది ఏర్పాటు. అంటే, పోతే మళ్లీ సంపాదించుకునే వయసులో లేని డబ్బది. ఈ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

నాన్న ఫ్లాట్... ఫ్లాటు చూడకముందే!

మొదటి బ్రోకర్ తెలిసినవాళ్ల ద్వారా వచ్చాడు. నలభై ఏళ్లుంటాయేమో. మల్లెపువ్వులాంటి చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. నాన్న తెలుగు మాస్టారని తెలియగానే కాళ్లకి దణ్నం పెట్టినంత పనిచేశాడు. ‘మా తెలుగు మాస్టారు లేకపోతే నేనీరోజు ఇలా నాలుగు ముక్కలు మాట్లాడగలిగేవాణ్నా మాస్టారూ!’ అన్నాడు. అంతే, నాన్న ఫ్లాట్.

ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తేవాడు. తెల్లారేసరికి వాట్సాప్‌లో ‘శుభోదయం’, శుక్రవారమైతే లక్ష్మీదేవి బొమ్మ. అమ్మ మోకాళ్లకి ఏదో తైలం పేరు కూడా చెప్పాడు. ‘ఎంత మర్యాదస్తుడే!’ అని నాన్న మురిసిపోయారు. రెండోవారంలో ఓ ఫ్లాటు చూపించాడు. ఐదో అంతస్తు. తూర్పు వాకిలి, మూడువైపులా గాలి, రెండు బెడ్‌రూములు, వెయ్యి పైచిలుకు చదరపు అడుగులు. చుట్టుపక్కల రేట్లకంటే ఐదారు లక్షలు తక్కువ. ‘ఓనర్‌కి డబ్బు అర్జెంటు మాస్టారూ’ అన్నాడు.

ఆరోజు హాల్లో నిలబడి మేం మాట్లాడుకున్న మాటలు నాకు ఇప్పటికీ టేపు తిప్పినట్టు వినపడతాయి.

‘దీనికి లోన్ వస్తుందా?’ అని నేనడిగాను.

‘ఈ బిల్డింగ్‌లో అందరూ లోన్ తీసుకున్నవాళ్లే మేడమ్.’

‘మున్సిపాలిటీ పర్మిషన్ ఉందా?’ అన్నారు మావారు.

‘పర్మిషన్ లేకుండా బిల్డింగ్ ఎలా లేస్తుంది సార్?’

‘నీళ్లు కృష్ణావా, బోరువా?’ అంది అమ్మ.

‘వాటర్ ట్వంటీఫోర్ అవర్స్ మాస్టారూ!’

చూశారుగా, అడిగింది అమ్మ. జవాబు వెళ్లింది నాన్నకి.

ఇంకోసారి చదవండి. ఒక్క అబద్ధమైనా ఉందేమో పట్టుకోండి. దొరకదు. కింద నాలుగంతస్తుల వాళ్లూ నిజంగానే లోన్లు తీసుకున్నారు. బిల్డింగ్‌కి నిజంగానే పర్మిషన్ ఉంది... కాకపోతే కింద పార్కింగు, ఆపైన నాలుగంతస్తుల వరకే. ఐదోది ప్లానులో లేదు. ఆ తర్వాత లేపింది. నీళ్లూ 24 గంటలూ వస్తాయి, బోరు నుంచి. ఆ మనిషి ఒక్క అబద్ధం చెప్పలేదు. అలాగని మేమడిగిన ఒక్క ప్రశ్నకీ జవాబూ చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం ఫోన్. ఇంకో పార్టీ వచ్చి చూసి వెళ్లిందనీ, వాళ్లు రాత్రికే బయానా ఇస్తామంటున్నారనీ, ‘మాస్టారి మీద గౌరవంతో’ తను పొద్దుటి దాకా ఆపాననీ. తెల్లారేసరికి రూ.2 లక్షలు ఓనర్ చేతిలో పడ్డాయి. అందుకు రసీదు... తెల్లకాగితం మీద ‘అడ్వాన్సుగా ముట్టినది’ అన్న ఒక్క వాక్యం, కింద సంతకం. లోను రాకపోతే ఏంటి, కాగితాల్లో తేడా ఉంటే ఏంటి అన్న ఊసే లేదు. అడిగితే నొచ్చుకుంటాడేమోనని మేమూ అడగలేదు. ఎవరు నొచ్చుకుంటారని? మా డబ్బులు మేమిస్తూ!

మూడోవారంలో బ్యాంకు ఇంజినీరు వచ్చి, ప్లాను కాపీ చూసి, మెట్లెక్కుతూ అంతస్తులు లెక్కపెట్టి, ‘ఇది ప్లాన్లో లేదమ్మా, లోన్ రాదు’ అని చెప్పి వెళ్లిపోయారు. పావుగంట పట్టింది ఆయనకి. ఆ పావుగంట పని మేమే ముందు ఎందుకు చేసుకోలేదన్నది ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ పైకి అడగని ప్రశ్న.

బ్రోకర్‌కి ఫోన్ చేస్తే రెండో రింగుకి ఎత్తే మనిషి ఇరవయ్యో రింగుకీ ఎత్తలేదు. ‘శుభోదయం’ మాత్రం మరో వారంపాటు వస్తూనే ఉంది! చివరికి దొరికినప్పుడు ‘దానికి బీఆర్‌ఎస్‌కి అప్లై చేశారు మేడమ్, కంగారేం లేదు’ అన్నాడు. (పార్టీ కాదండోయ్! 2015లో అనుమతి లేని కట్టడాల క్రమబద్ధీకరణకి తెచ్చిన పథకం. అది ఆ తర్వాత కోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకుంది.) అప్లై చేయడం వేరు, చేతికి ఆర్డర్ రావడం వేరు. ఎల్‌ఆర్‌ఎస్ సంగతీ అంతే. 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టినవాళ్ల ప్లాట్లని కూడా ‘ఎల్‌ఆర్‌ఎస్ ప్లాటు’ అని అమ్మారు. ఫీజు మొత్తం కట్టి ప్రొసీడింగ్స్ తెచ్చుకున్నదీ ‘ఎల్‌ఆర్‌ఎస్ ప్లాటే’. మాట ఒక్కటే. మధ్యలో తేడా లక్షల్లో.

ఓనర్ చుట్టూ ఎనిమిది నెలలు తిరిగితే లక్ష వెనక్కి వచ్చింది. మిగతా లక్ష ‘నాకూ నష్టమైంది కదా’ అని ఉంచేసుకున్నాడు. కోర్టుకెళదామని అన్నయ్య అన్నాడు. నాన్న వద్దన్నారు. ఆయన ఆ లక్ష గురించి ఒక్క మాటా అనలేదు. ఒకరోజు కాఫీ తాగుతూ మాత్రం, ‘ముప్ఫై రెండేళ్లు పిల్లలకి వాక్యాలు విడగొట్టడం నేర్పానే. కర్త ఎవరు, కర్మ ఏది అని. ఆ అబ్బాయి చెప్పిన మూడు వాక్యాలు విడగొట్టలేకపోయాను’ అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

‘నాకు తెల్వదు’

ఇక రెండో బ్రోకర్. జెరాక్సు షాపు పక్కన చిన్న గది, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వెనక రంగు వెలిసిన ఫ్లెక్సీ. మేం వెళ్లేసరికి భోంచేస్తున్నాడు. ‘కూసోండ్రి’ అని తినడం పూర్తయ్యాక గానీ మాట్లాడలేదు. నాన్న మొహం అప్పుడే మాడింది.

‘ఎంతమందుంటరు? లోనా, క్యాషా? అమ్మ మెట్లెక్కుతదా?’

మూడు ప్రశ్నలు. నమస్కారం లేదు, ఏ ఊరండీ లేదు. బయటికొచ్చాక ‘ఎక్కుతదా ఏంటే, ఎక్కుతదా!’ అని నాన్న గొణిగారు. అది ఆ మనిషి పుట్టి పెరిగిన భాష. వాళ్లమ్మ గురించి చెప్పినా అలాగే చెబుతాడు. మేం మాత్రం యాసని కూడా అమర్యాద కింద జమకట్టేశాం. ఒప్పుకోవాలి మరి.

కానీ ఆ మూడు ప్రశ్నలూ చూడండి. మొదటి బ్రోకర్ రెండువారాల్లో మా గురించి చాలా మాట్లాడాడు గానీ, మా దగ్గర తెలుసుకున్నది మాత్రం ఒక్కటే: ‘బడ్జెట్ ఎంత మాస్టారూ?’ ఇతను రెండు నిమిషాల్లో తెలుసుకున్నవి, ఏ ఫ్లాటు చూపించాలి, ఏది చూపించకూడదు అన్నది తేల్చే సంగతులు. లోనుకి వెళ్లేవాళ్లకి ప్లాన్‌లో లేని అంతస్తు చూపించి లాభం లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, కరెంటు పోతే లిఫ్టుకి జనరేటర్ లేని బిల్డింగ్ చూపించి లాభం లేదు.

మొదట చూపించిన ఫ్లాటు నాన్నకి తెగ నచ్చింది. రోడ్డుకి దగ్గర, పక్కనే పార్కు. ‘గిది మీకొద్దు సార్’ అన్నాడతను. ‘ఎందుకయ్యా?’ అంటే, ‘2020 వానలకి సెల్లార్ నిండింది. మూడ్రోజులు కరెంట్ లేదు. నేనే చూసిన’ అన్నాడు. ఆ ఏడాది అక్టోబరు వానలకి నాగోల్ చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు రావడం హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోలేరు. మరి చూపించడమెందుకని నాన్న చిరాకుపడ్డారు. ‘పార్కు కావాలన్నరు. పార్కున్నవి గిసొంటియే. చూస్తే మీకే ఎర్కయితదని’ అన్నాడు.

ఇంకో ఫ్లాటు దగ్గర, ‘అసోసియేషన్‌లో గొడవలేమైనా ఉన్నాయా?’ అని మావారు అడిగారు.

‘నాకు తెల్వదు. కనుక్కొని చెప్త.’

ఇంతమంది బ్రోకర్ల దగ్గర తిరిగాం కదా, ఆ మాట వినడం అదే మొదటిసారి. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. ‘లిఫ్టు రిపేరు పైసల కాడ పంచాయితీ ఉందట. ఇద్దరు మెయింటెనెన్స్ కడ్తలేరు’ అని చెప్పి పెట్టేశాడు. మొత్తం 20 సెకన్లు. ‘తెల్వదు’ అన్నవాడు కాదు, ‘కనుక్కొని చెప్త’ అని నిజంగా చెప్పినవాడు దొరికాడన్నమాట! ఈ రెండూ కలిసి ఉన్న మనిషి అరుదు. ‘తెలీదు’ అని వదిలేసేవాళ్లూ ఉంటారు, ‘కనుక్కుంటా’ అని మర్చిపోయేవాళ్లూ ఉంటారు. ఫోన్ రెండో రింగుకి ఎత్తాడా, పదో రింగుకి ఎత్తాడా అన్నది కాదు చూడాల్సింది. చెప్తానన్న సంగతి చెప్పడానికి తనంతట తను ఫోన్ చేశాడా లేదా అన్నది.

అలాగని మొరటుగా మాట్లాడేవాళ్లంతా సత్యహరిశ్చంద్రులనుకునేరు! మధ్యలో మూడో ఆయన ఒకరు తగిలారు. ‘నేను ముక్కుసూటి మనిషిని, ఇష్టమైతే తీసుకోండి లేకపోతే లేదు’ అన్నది ఆయన ఊతపదం. ఈసీ కాపీ అడిగితే ‘నమ్మకం లేనివాళ్లతో నేను బేరం చెయ్యను’ అని గుడ్లురిమాడు. తీపిమాట చేసే పనినే ఆ గద్దింపూ చేస్తుంది, మనల్ని అడగనివ్వకుండా. మాట మెత్తగా ఉందా, గరుగ్గా ఉందా అన్నది పక్కనపెట్టి, ఆ మాట అయ్యాక మన చేతిలో కొత్తగా ఒక సమాచారం మిగిలిందా లేదా అన్నది చూసుకోవాలి.

రాసి పంపితే... ఫోనొస్తుంది

లక్ష పోగొట్టుకున్నాక నేను కనిపెట్టిన (అంత గొప్పదేం కాదు) చిట్కా ఒకటుంది. ఫ్లాటు చూసి ఇంటికొచ్చాక బ్రోకర్‌కి వాట్సాప్‌లో నాలుగు లైన్లు రాసి పంపడం. ‘మీరు ఈరోజు చెప్పినవి ఇవీ: మూడో అంతస్తు ప్లాన్‌లో ఉంది, ఫ్లాటు మీద బ్యాంకు అప్పు లేదు, కార్ పార్కింగు రిజిస్ట్రేషన్‌లో రాస్తారు, కమీషన్ ఒక శాతం. సరేనా?’ అంతే.

మాటకారి బ్రోకర్లు ఈ మెసేజ్‌కి రాతలో జవాబివ్వరు. నీలం టిక్కులు పడతాయి, వెంటనే ఫోన్ వస్తుంది. ‘అదేంటి మేడమ్, మెసేజ్‌లెందుకు, మనం మనం...’ అంటూ. నేను ఇద్దరు ముగ్గురి మీద ప్రయోగించాను, ముగ్గురూ ఫోనే చేశారు. జెరాక్సు షాపు పక్కాయన మాత్రం సాయంత్రానికి తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పంపాడు: పార్కింగు రాస్తారో లేదో ఓనర్‌ని అడగాలి, మిగతావి కరెక్టే అని. నాలుగింట్లో మూడింటికి ‘అవును’, ఒకదానికి ‘తెలీదు’. నాలుగింటికీ ‘అవును’ అన్నా నేను నమ్మేదాన్ని కాదేమో.

ఇంకో ప్రశ్న కూడా అడిగి చూడండి. ‘ఈ ఇంట్లో లోపమేంటి?’ అని. లోపం లేని ఇల్లు ఉండదు. కనీసం పడమటి ఎండో, పక్క ఫంక్షన్ హాలు మోతో, ఎదురింటి కిటికీయో ఉంటుంది. ‘ఏం లేదండీ, లక్కీ ఇల్లు’ అన్నాడంటే అతను ఆ ఇంటిని చూడలేదన్నా అనుకోవాలి, మనల్ని చూస్తున్నాడన్నా అనుకోవాలి. ‘కమీషన్ మీరు అమ్మేవాళ్ల దగ్గర కూడా తీసుకుంటున్నారా?’ అన్నదీ అడగండి. మన దగ్గర రెండువైపులా తీసుకోవడం మామూలే, తప్పేం కాదు. కానీ ఆ ప్రశ్నకి ఎలా జవాబిస్తాడన్నది వినాలి. రెండు వైపులా తీసుకునేవాడు రేటు మీ కోసం తెగ తగ్గించేస్తున్నానంటే, ఆ ప్రేమలో సగం అవతలి వాళ్లది కూడా.

‘మెట్రోకి పది నిమిషాలు’ అంటే ఏ టైములో, కారులోనా నడకా అని అడగాలి. ‘పేపర్లన్నీ క్లియర్’ అంటే ఏ పేపర్లు, మీరు చదివారా అని అడగాలి. లింకు డాక్యుమెంట్లు ఎన్నున్నాయో, మొదటిది ఏ సంవత్సరానిదో చెప్పగలిగినవాడు చదివినట్టు. ఈసీ అయితే అతన్ని అడగనక్కర్లేదు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో మనమే చూసుకోవచ్చు. ముందే చూసుకుని, తెలియనట్టు అడిగితే ఇంకా మంచిది. జవాబు తెలిసిన ప్రశ్న అడగడమంత సుఖం ఇంకోటి లేదు! మా వృత్తిలో ఇది పాత ఉపాయమే. సొంతింటి విషయానికొచ్చేసరికి గుర్తురాలేదు, ఏంచేస్తాం.

ఆడవాళ్లకి ఇంకో మాట. మీరు అడిగిన ప్రశ్నకి జవాబు ఎవరి మొహం చూసి చెబుతున్నాడో గమనించండి. వంటింట్లో గాలి, పైపుల్లో నీళ్లు, బట్టలారేసే చోటు, రాత్రి తొమ్మిదింటికి సందులో లైటు... ఇంట్లో ఎక్కువసేపు గడిపేవాళ్లకి కావాల్సిన సంగతులివి. అమ్మ ‘నీళ్లు ఎక్కడివి?’ అంటే, ‘ఎంతసేపొస్తాయి’ అన్నది నాన్నకి చెప్పిన మనిషి, ఆమె ప్రశ్నని వినలేదు. ఆ ఒక్క ప్రశ్నకి సరైన జవాబు రాబట్టి ఉంటే మిగతావి కూడా అనుమానించేవాళ్లమేమో.

నోటిమాటా నేరమే

ఇదంతా మన తెలివికే వదిలేయకుండా చట్టం కూడా కొంత చేసింది. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, రెరాలో నమోదు కావాల్సిన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా రెరాలో రిజిస్టర్ అయి ఉండాలి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం లేదా ఎనిమిదికి మించిన ఫ్లాట్లున్న కొత్త ప్రాజెక్టులు దీని కిందికి వస్తాయి. నంబరు అడిగి, తెలంగాణ అయినా ఆంధ్రప్రదేశ్ అయినా ఆ రాష్ట్ర రెరా వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. రిజిస్టర్ కాకుండా అమ్మితే రోజుకి రూ.10 వేల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు.

అందులో నాకు బాగా నచ్చింది పదో సెక్షన్. ఏజెంటు తప్పుదోవ పట్టించేలా ఏమీ చెప్పకూడదంటూ ‘నోటితో అయినా, రాతలో అయినా, చూపించే బొమ్మలతో అయినా’ అన్న అర్థంలో స్పష్టంగా రాశారు. లేని అనుమతులు ఉన్నాయని చెప్పడమూ అందులోకే వస్తుంది. బుకింగ్ సమయంలో కొనేవాడికి అందాల్సిన సమాచారం, పత్రాలు అందేలా చూడటమూ ఏజెంటు బాధ్యతే. కాబట్టి కాగితాలు అడిగితే ‘నమ్మకం లేదా?’ అనే ఏజెంటుకి, ఇది నమ్మకం సంగతి కాదు, మీ డ్యూటీ అని నవ్వుతూ చెప్పొచ్చు. ‘ప్రీలాంచ్ ఆఫర్ సార్, ఇంకా రెరా నంబర్ రాలేదు, అందుకే ఈ రేటు’ అని చెవిలో చెప్పేవాళ్ల సంగతీ అంతే. నంబరు రాకుండా ప్రకటించడం, బుకింగులు తీసుకోవడమే చట్టవిరుద్ధం. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా బిల్డరు పదిశాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు కూడా.

మరి మీకెందుకు ఉపయోగపడలేదంటారా? మాది పాత ఫ్లాటు. ఒక మనిషి ఇంకో మనిషికి తన ఇల్లు అమ్ముకునే వ్యవహారానికి రెరా రాదు. అక్కడ మనకి మిగిలేవి బ్యాంకు ఇంజినీరు, లాయరు, మన చెవులు. లాయరుకి ఇచ్చే ఫీజు ఎక్కువనిపించినప్పుడల్లా నేను లక్ష గుర్తుచేసుకుంటాను.

డాలస్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు ఈమధ్య ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఫ్లాటు చూస్తున్నాడట, బ్రోకర్ వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించాడట. ‘భలే క్లియర్‌గా ఉందక్కా!’ అన్నాడు. మళ్లీ క్లియరే! ‘ఒరే, ఇల్లు కాదు, మెయిన్‌రోడ్డు దగ్గర మొదలుపెట్టి ఫోను ఆపకుండా నడుచుకుంటూ గుమ్మం దాకా రమ్మను. సాయంత్రం ఏడింటికి’ అన్నాను. బ్రోకర్ ‘రేపు, ఎల్లుండి’ అంటూ పదిరోజులు గడిపాడు. మావాడు ఇంకో ఫ్లాటు చూసుకుంటున్నాడు.

బ్రోకర్లనే అనడం కూడా న్యాయం కాదు. మనం వాళ్లతో నిజం చెబుతామా? 60 లక్షలుంటే 50 అంటాం. వారం వారం కారెక్కించుకుని తిప్పించుకుని, చివర్లో వాచ్‌మన్‌ని పట్టుకుని ఓనర్ నంబరు సంపాదించి, కమీషన్ ఎగ్గొడదామని చూస్తాం. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడి దగ్గర ‘ఇతనికి అమ్మడం రాదు’ అని లేచి వచ్చేస్తాం. జెరాక్సు షాపు పక్కాయనే ఓసారి అన్నాడు, వాన నీళ్ల సంగతి చెప్పినందుకు పోయిన బేరాలు లెక్కపెట్టడం మానేశానని. ఆ ఫ్లాట్లు అమ్ముడుపోకుండా ఉన్నాయా అంటే, లేవు. ఎవరో ‘లక్కీ ఇల్లు’ అని చెప్పి అమ్మారు.

చివరికి ఆయన చూపించిన మూడో అంతస్తు ఫ్లాటే కొన్నాం. పడమటి వాకిలి. ‘సాయంత్రం హాల్ల ఎండ కొడ్తది. మందం కర్టెన్లు ఏయించుకోవాలె’ అని ముందే చెప్పాడు, కొడుతోంది, వేయించుకున్నాం. ఈసారి బయానా రసీదు నాన్నే రాశారు, అరపేజీ. ప్లానులో గానీ టైటిల్‌లో గానీ తేడా ఉండి లోను రాకపోతే ఇన్ని రోజుల్లో పూర్తి సొమ్ము వాపసు అని, కర్తా కర్మా క్రియా ఎక్కడా తడబడకుండా. ఓనర్ రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

రిజిస్ట్రేషన్ అయిపోయాక నాన్న అలవాటు కొద్దీ, ‘కమీషన్ కాస్త చూసుకోవయ్యా’ అన్నారు. ‘తక్కువకి చేసేటోళ్లున్నరు సార్. నంబరియ్యాల్నా?’ అన్నాడతను మొహంలో ఏ మార్పూ లేకుండా. నాన్నకి కోపం వచ్చింది. ఇచ్చేశారు.

ఇప్పటికీ నాన్నకి ఆయన మాటతీరు నచ్చదు. ‘పలకరించడం కూడా రాదే ఆ మనిషికి’ అంటారు. పోయిన నెల మా పెదనాన్న కొడుకు ప్లాటు చూస్తున్నానని ఫోన్ చేస్తే మాత్రం, కళ్లజోడు వెతుక్కుని మరీ ఆ నంబరు చదివి వినిపించారు. ‘భోజనం టైములో వెళ్లకురా, తింటుంటాడు’ అని కూడా చెప్పారు.